పర్‌స్వేషన్ ముగింపు: ‘నేను చేసింది సరైనదే’ అని ఆన్ ఎందుకంది?

కొత్తపాఠకురాలు:
జేన్ ఆస్టిన్ నవల పర్‌స్వేషన్ పూర్తి చేశాను. కథ తెలియకూడదనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోండి, ముగింపు గురించే అడగబోతున్నాను.

నాయిక ఆన్‌కు ఆమె పాత ప్రేమికుడు, నావికుడు వెంట్‌వర్త్ రాసిన ఉత్తరం దగ్గర మనసు నిండిపోయింది. కానీ అదే రోజు సాయంత్రం, కామ్డెన్ ప్లేస్‌లోని ఆమె ఇంటి విందులో పూలకుండీల దగ్గర నిలబడి ఆన్ వెంట్‌వర్త్‌తో అనే మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. పంతొమ్మిదేళ్లప్పుడు తల్లి స్నేహితురాలు లేడీ రసెల్ మాట విని అతన్ని కాదనుకుంది. ఎనిమిదిన్నరేళ్లు ఇద్దరూ నలిగిపోయారు. ఇప్పుడేమో ‘గతం గురించి ఆలోచించి చూశాను, ఆమె మాట వినడంలో నా తప్పు లేదు’ అంటుంది. అన్నేళ్ల బాధ చదివిన నాకు ఇది అన్యాయంగా తోచింది. ఒక్క పశ్చాత్తాపం మాటైనా ఉండొద్దా? పైగా చివరి అధ్యాయంలో అందరి లెక్కా హడావుడిగా తేల్చేశారు. ఈ ముగింపును ఇష్టపడేవాళ్లు ఎలా చదువుతారో చెప్పండి.

పాతపుస్తకం:
ఆ సంభాషణ మళ్లీ తెరిచి చూడండి. ఆన్ రెండు సంగతులను జాగ్రత్తగా విడదీస్తుంది. లేడీ రసెల్ ఇచ్చిన సలహా మంచిదని ఆమె ఎక్కడా అనదు. ఆ సలహా పొరపాటే అయ్యుండవచ్చని ఒప్పుకుంటుంది, అలాంటి పరిస్థితి ఎదురైతే తాను ఎవరికీ ఆ సలహా ఇవ్వనని కూడా చెబుతుంది. తల్లి పోయాక తల్లి స్థానంలో నిలిచిన మనిషి మాటను పంతొమ్మిదేళ్ల వయసులో కాదని వెళ్లిపోయి ఉంటే అంతకంటే ఎక్కువ బాధపడేదాన్ని, ఆ బాధ అంతరాత్మకు సంబంధించినది అంటుంది. సలహా ఇవ్వడం ఒకటి, దాన్ని పాటించడం వేరొకటి. మొదటిది లేడీ రసెల్ ఖాతాలోకి వెళ్తుంది, రెండోది తన ఖాతాలోకి. రెండో దానిని మాత్రమే సమర్థించుకుంటోంది.

ఫలితాన్ని బట్టే మంచిదో చెడ్డదో తేలే సలహాలు కొన్ని ఉంటాయనీ, ఇది అలాంటిదనీ ఆమే అంటుంది. 1806లో వెంట్‌వర్త్ చేతిలో డబ్బు లేదు, వెనక పలుకుబడి ఉన్న చుట్టాలు లేరు, యుద్ధం సాగుతోంది. అతను సముద్రంలోనే పోయి ఉంటే లేడీ రసెల్‌ను మనమంతా దూరదృష్టి గల మనిషి అనేవాళ్లం.

లెక్కలపంతులు:
ఎనిమిదిన్నరేళ్ల భారమంతా ఆన్ మీదే వేయకండి. నవలలోనే లెక్క ఉంది.

1806 ఫిబ్రవరిలో శాంటో డొమింగో దగ్గర జరిగిన సముద్ర యుద్ధం తర్వాత వెంట్‌వర్త్‌కు కమాండర్ హోదా వచ్చింది. చేతికి ఓడ రాలేదు కాబట్టి ఆ వేసవి సోమర్సెట్‌లో గడిపాడు. ప్రేమ, మాట ఖాయం కావడం, తెగిపోవడం అన్నీ కొద్ది నెలల్లోనే. 1808 నాటికి చేతిలో కొన్ని వేల పౌండ్లున్నాయి, లకోనియా అనే ఫ్రిగేట్ యుద్ధనౌకకు కెప్టెన్ అయ్యాడు. ఆ విందులోనే ఆన్‌ను అడుగుతాడు, అప్పుడు ఉత్తరం రాసి ఉంటే నాతో పెళ్లికి మళ్లీ ఒప్పుకునేదానివా అని. ఆమె జవాబులో సందేహమే లేదు. దాంతో అతనికి దెబ్బ తగులుతుంది. లేడీ రసెల్ కంటే తనకు పెద్ద శత్రువు తానేననీ, పొగరు అడ్డొచ్చి మళ్లీ అడగలేదనీ, ఆరేళ్ల ఎడబాటు తప్పిపోయేదనీ ఒప్పుకుంటాడు.

అంటే మొదటి రెండేళ్లు లేడీ రసెల్ జాగ్రత్త ఖాతాలో, తర్వాతి ఆరేళ్లు వెంట్‌వర్త్ అహం ఖాతాలో. మీరు అడిగిన పశ్చాత్తాపం పుస్తకంలో ఉంది, అయితే అది అతని నోట వచ్చింది. ఆన్ ‘నా తప్పు లేదు’ అన్న వెంటనే అతని చేత తప్పు ఒప్పించడం ఆస్టిన్ కావాలని చేసిన వరసే అని నా నమ్మకం.

కొత్తపాఠకురాలు:
ఆ ఆరేళ్ల సంగతి గమనించలేదు, తిరిగి చదువుతాను. కానీ పాతపుస్తకం గారూ, ‘అంతరాత్మ’ అన్నది ఆనాటి అమ్మాయిలకు నేర్పిన అణకువే కదా? విధేయతను గుణంగా పొగడడం నాకు ఇంకా ఇబ్బందిగానే ఉంది.

రేవుగాలి:
దీనికి జవాబు ఈ నవల రాతప్రతిలో దొరుకుతుంది. ఆస్టిన్ అచ్చువేసిన నవలల్లో దేనికీ రాతప్రతి మిగలలేదు, పర్‌స్వేషన్ చివరి రెండు అధ్యాయాల మొదటి చిత్తు తప్ప. అది బ్రిటిష్ లైబ్రరీలో ఎగర్టన్ 3038 అనే సంఖ్య కింద ఉంది. ఆమె 1815 ఆగస్టు 8న నవల మొదలుపెట్టింది. చిత్తు చివర ‘సమాప్తం’ అని రాసి 1816 జులై 18 తేదీ వేసింది. తృప్తి కలగలేదు. ముగింపు చప్పగా వచ్చిందనుకుని దిగులుగా పడుకుందనీ, తర్వాత మనసు తేటపడి తిరగరాసిందనీ మేనల్లుడు రాసిన జీవితచరిత్రలో ఉంది. ఆగస్టు 6కి కొత్త ముగింపు సిద్ధమైంది. మూడు వారాలైనా పట్టలేదు.

కొట్టేసిన అధ్యాయంలో జరిగేది ఇది. ఆన్ తన పాత స్నేహితురాలు మిసెస్ స్మిత్ ఇంటి నుంచి తిరిగి వస్తుంటే గే స్ట్రీట్‌లో వెంట్‌వర్త్ అక్క భర్త అడ్మిరల్ క్రాఫ్ట్ కనిపించి, మా ఆవిడను పలకరించి వెళ్లమని ఇంట్లోకి లాక్కుపోతాడు. తీరా చూస్తే లోపల వెంట్‌వర్త్ ఉంటాడు. ఆవిడ పై గదిలో బట్టలు కుట్టే ఆమెతో ఉందట. అడ్మిరల్ బావమరిదిని పక్కకు పిలిచి ఒక పని అప్పగిస్తాడు. ఆన్ తన దాయాది మిస్టర్ ఎలియట్‌ను పెళ్లాడి, క్రాఫ్ట్ దంపతులు అద్దెకుంటున్న తన పుట్టిల్లు కెలించ్ హాల్లో కాపురం పెట్టబోతోందని ఊరంతా అనుకుంటోంది, అదే నిజమైతే తాము అద్దె వదులుకుని ఇల్లు ఖాళీ చేస్తాం, కనుక్కుని చెప్పు అని. వెంట్‌వర్త్ తడబడుతూ ఆ కబురు అందిస్తాడు. అలాంటిదేమీ లేదంటుంది ఆన్. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. మాటల్లేని ఆ సంభాషణలో అతని వైపు వేడుకోలు, ఆమె వైపు అంగీకారం. ‘ఆన్, నా ఆన్!’ అంటాడు. అంతే.

చదవడానికి హాయిగానే ఉంటుంది. తప్పు ఎక్కడంటే, ఆన్ ఏ పనీ చేయదు. వీధిలో ఎదురుపడడం యాదృచ్ఛికం, ఇంట్లోకి తీసుకెళ్లింది అడ్మిరల్, అడిగించింది అడ్మిరల్. ఆమె వంతుకు మిగిలింది ‘లేదు’ అనడం ఒక్కటే. ఎనిమిదేళ్ల కిందట వేరేవాళ్లు నడిపించినట్టు నడిచిన అమ్మాయి ఇప్పుడు కూడా వేరేవాళ్లు నడిపిస్తేనే ప్రేమను చేరుకుంటుంది. ఈ ముగింపే నిలిచి ఉంటే కొత్తపాఠకురాలు గారి ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు నిజమయ్యేది.

తిరగరాసినప్పుడు ఆస్టిన్, ఆన్ చెల్లెలి అత్తవారైన మస్‌గ్రోవ్ కుటుంబాన్నీ వెంట్‌వర్త్ నేస్తం హార్విల్‌నూ బాత్ నగరానికి రప్పించింది. చోటును క్రాఫ్ట్ దంపతుల ఇంటి నుంచి వైట్ హార్ట్ హోటల్‌కు మార్చింది. ఏకాంతం తీసేసి గది నిండా జనాన్ని పెట్టింది. ఆ గుంపులో ఆన్ నోరు విప్పుతుంది.

పాతపుస్తకం:
చదవాలనుకునేవాళ్లకు ఒక సూచన. అధ్యాయాల సంఖ్యలు చూసి తికమకపడకండి. 1817 డిసెంబరు చివర్లో, ముఖపత్రం మీద 1818 అని వేసి, ఆస్టిన్ మరో నవల నార్తాంగర్ ఆబీతో కలిపి నాలుగు సంపుటాలుగా ప్రచురణకర్త ముర్రే అచ్చువేసినప్పుడు పర్‌స్వేషన్‌కు రెండు సంపుటాలు, ఒక్కోదాంట్లో పన్నెండు అధ్యాయాలు. ఇప్పటి ప్రతుల్లో వరసగా 24 ఉంటాయి. చిత్తులోని పదో అధ్యాయాన్ని తీసేసి ఆ చోట కొత్తగా పది, పదకొండు వచ్చాయి, అంటే ఇప్పటి 22, 23. చిత్తులోని పదకొండో అధ్యాయం కొద్ది మార్పులతో పన్నెండోది అయింది, అదే ఇప్పటి 24. మీకు హడావుడిగా తోచిన చివరి అధ్యాయం తిరగరాతకు పెద్దగా లోనుకాలేదన్నమాట. కొట్టేసిన అధ్యాయం మొదట 1871లో ఆ జీవితచరిత్ర రెండో కూర్పులో బయటికొచ్చింది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్, పెంగ్విన్ ప్రతుల్లో అనుబంధంగా దొరుకుతుంది.

ఇంకో మాట. నవల అచ్చులో చూడకుండానే ఆస్టిన్ 1817 జులై 18న వించెస్టర్‌లో చనిపోయింది. చిత్తు మీద సమాప్తం అని రాసిన రోజుకు సరిగ్గా ఏడాది.

తెల్లకాగితం:
ఉత్తరం గురించి రాస్తాను, ఎందుకంటే అది చాలామంది విడిగా చదివేస్తారు. విడిగా చదివితే అది అందమైన ప్రేమలేఖ మాత్రమే. సంభాషణ పక్కన పెట్టి చదివితేనే దాని పనితనం తెలుస్తుంది.

ఇలా చేసి చూడండి. 23వ అధ్యాయంలో హార్విల్ కిటికీ దగ్గరకు ఆన్‌ను పిలిచి చిన్న బొమ్మపటం చూపించే చోట మొదలుపెట్టండి. దక్షిణాఫ్రికాలోని కేప్‌లో ఒక జర్మన్ చిత్రకారుడు గీసిన, హార్విల్ స్నేహితుడు బెన్విక్ పటం అది. బెన్విక్‌తో పెళ్లి కుదిరి, చనిపోయిన తన చెల్లెలు ఫానీ కోసం గీయించింది ఇప్పుడు అతను పెళ్లాడబోయే లూయీసా మస్‌గ్రోవ్ కోసం చట్రంలో బిగించాల్సి వస్తోందని హార్విల్ గుండె కలుక్కుమంటుంది. ఆ పని గురించిన ఉత్తరమే వెంట్‌వర్త్ అవతల బల్ల దగ్గర రాస్తున్నాడు. అక్కడి నుంచి, ప్రేమను ఎక్కువకాలం నిలుపుకునేది ఆడవాళ్లా మగవాళ్లా అన్న చర్చలో ఆన్ అనే ఒక్కో వాదన పక్కన గీత పెట్టుకోండి. తర్వాత ఉత్తరంలోని ఒక్కో వాక్యం ఏ గీతకు జవాబో వెతకండి.

మీరు మమ్మల్ని మరిచిపోయినంత తొందరగా మేం మిమ్మల్ని మరిచిపోం అని ఆన్ మొదట్లోనే అంటుంది. మగవాడు ఆడదానికంటే ముందు మరిచిపోతాడని అనవద్దు అని ఉత్తరంలో ఉంది. మగవాళ్లలోనూ నిజమైన ప్రేమ ఉంటుందని ఆన్ చివర్లో మనస్ఫూర్తిగా ఒప్పుకుంటుంది. మాకు న్యాయం చేశారు అని ఉత్తరం చివరి భాగంలో ఉంది. ఈ రెంటికీ మధ్య, మీరు గొంతు తగ్గించారు, వేరేవాళ్లకు వినపడని ఆ గొంతు నాకు తెలుస్తుంది అని రాస్తాడు. అంటే ఉత్తరం ముందుగా ఆలోచించి రాసింది కాదు. ఆమె మాట్లాడుతుంటే వింటూ, విన్నది విన్నట్టు రాస్తున్నాడు. అందుకే వాక్యాలు పొట్టిగా, తెగిపోతూ ఉంటాయి. అందంగా రాయాలని చూసి ఉంటే ఈ ఉత్తరం పాడైపోయేది.

సముద్రఘోష:
నాకు అన్నిటికంటే నచ్చింది కలం. కథలన్నీ ఆడవాళ్ల చపలత్వం గురించే చెబుతాయని హార్విల్ అంటే, ఆ పుస్తకాలు రాసిన కలం మగవాళ్ల చేతిలోనే ఉంది అని ఆన్ జవాబిస్తుంది. సరిగ్గా ఆ మాటకు వెంట్‌వర్త్ చేతిలోంచి కలం జారిపోతుంది!

తెల్లకాగితం:
సముద్రఘోష గారూ, వరస తారుమారైంది. కలం ముందే పడుతుంది. నావికుల కష్టాలన్నిటికీ తోడు ఆడదాని మనసు కూడా ఉంటే మీరు తట్టుకోలేరు అని ఆన్ వణికే గొంతుతో చెప్పాక, హార్విల్ బదులు మొదలుపెడుతుండగా చప్పుడవుతుంది. అతను తాను అనుకున్నదానికంటే దగ్గరలో ఉన్నాడని తెలిసి ఆన్ ఉలిక్కిపడుతుంది. మన మాటలు చెవిన వేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడేమో అని సగం అనుమానిస్తుంది కూడా, వినపడి ఉండదులే అనుకుంటుంది. పుస్తకాల మాట, కలం మాట దాని తర్వాత వస్తాయి.

ఈ వరసే ముఖ్యం. అతను వింటున్నాడేమో అన్న అనుమానం వచ్చాక కూడా ఆన్ ఆపలేదు. ఇంకా గట్టి మాటలు అంది. ఆశ పోయాక కూడా, మనిషే పోయాక కూడా ఎక్కువకాలం ప్రేమించడమే ఆడవాళ్లకు తాను అడిగే ఏకైక హక్కు అని చెప్పింది కలం పడ్డ తర్వాతే.

రేవుగాలి:
దానికి ముందు రోజు, 22వ అధ్యాయంలో, ఇంకొకటి ఉంది. నాటకానికి వెళ్లాలా, కామ్డెన్ ప్లేస్ విందుకు రావాలా అని మస్‌గ్రోవ్‌లు తర్జనభర్జన పడుతుంటే, నా ఇష్టానికి వదిలేస్తే ఆ విందు నాకు ఏ అడ్డూ కాదు, మీతో నాటకానికే సంతోషంగా వస్తాను అంటుంది ఆన్. పైకి మిసెస్ మస్‌గ్రోవ్‌తో చెప్పిన మాట. ఆ విందుకు మిస్టర్ ఎలియట్ వస్తాడని గదిలో అందరికీ తెలుసు. తన మాట వెంట్‌వర్త్ వింటున్నాడన్న ఎరుకతోనే, వణుకుతూ అంది. కొట్టేసిన చిత్తులో అడ్మిరల్ అడిగించిన ప్రశ్నకు ఇది జవాబు, ఎవరూ అడగకుండానే. కాసేపటికి వెంట్‌వర్త్ లేచి పొయ్యి దగ్గరకు నడిచి, అక్కణ్నుంచి మెల్లగా ఆమె పక్కకు చేరతాడు. మీకు పేకాట విందులు ఇష్టం ఉండేవి కాదు, కానీ కాలం మార్చేస్తుంది అంటాడు. నేనింకా అంతగా మారలేదు అని ఆన్ అంటుంది, అని ఆ మాటకు ఏ అర్థం వస్తుందోనని ఆగిపోతుంది.

అణకువ నేర్చిన అమ్మాయి ఇలా మాట్లాడదు.

అనువాదమిత్ర:
ఈ ఉత్తరాన్ని తెలుగు చేయడానికి కూర్చుంటే మొదటి చిక్కు నువ్వా, మీరా అన్నది. ఇంగ్లిష్‌లో ఆ తేడా లేదు, మనకు తప్పదు. ఎనిమిదేళ్లుగా ఇద్దరూ పలకరించుకున్నదంతా గదిలో పరాయివాళ్లు మాట్లాడుకునే తీరులోనే. కాబట్టి మొత్తం ‘మీరు’ అని రాస్తే మర్యాదకు సరిపోతుంది కానీ ‘మీరు నా గుండె చీల్చేస్తున్నారు’ అనేసరికి వాక్యం బిగుసుకుపోతుంది. అంతా ‘నువ్వు’ అంటే గుండెకు దగ్గరగా ఉంటుంది కానీ అతనికి ఇంకా లేని చనువును ముందే ఇచ్చేసినట్టవుతుంది. ఆమె ఒప్పుకుంటుందో లేదో తెలియని మనిషి రాస్తున్న ఉత్తరం అది.

రెండో చిక్కు, సగం వేదన సగం ఆశ అనే వాక్యం. ‘నాలో సగం వేదన, సగం ఆశ’ అంటే తప్పు. అతను తనలో అవి ఉన్నాయనడం లేదు, తానే అవి అంటున్నాడు. ‘సగం వేదనని, సగం ఆశని నేను’ అంటే వ్యాకరణం నిలుస్తుంది గానీ నోటికి రాదు.

పాతపుస్తకం:
నా ఓటు మీరుకే, అనువాదమిత్ర గారూ. పై చిరునామాలో కూడా ఆ మర్యాద ఉంది. ‘మిస్ ఏ. ఇ.’ అని రాశాడు. పెద్ద కూతురు ఎలిజబెత్‌ను ‘మిస్ ఎలియట్’ అంటారు, రెండో అమ్మాయి కాబట్టి ఆన్‌కు పేరు చేర్చాలి. కంగారులో కూడా ఆ ‘ఏ’ మరిచిపోలేదు. మరిచిపోతే, ఆ ఉత్తరం చెల్లా చెదరు కాగితాల కింద వేరేవాళ్ల కంట పడితే అక్కకు రాసినట్టయ్యేది!

పెళ్లి కుదరని ఆడమగ ఉత్తరాలు రాసుకోవడం ఆ సమాజంలో పెద్ద తప్పు, ఇది గుర్తుంచుకోండి. అందుకే టపాలో పంపలేడు. బెన్విక్ పని మీద రాస్తున్న ఉత్తరం పక్కనే ఇది రాసి, కాగితాల కింద దాచి, హార్విల్‌తో బయటికి వెళ్లి, చేతి తొడుగులు మరిచిపోయానని తిరిగొచ్చి, దాన్ని బయటికి తీసి ఆన్ ముందు పెట్టి, ఆ తొడుగులు పట్టుకుని వెళ్లిపోతాడు. గదిలో ఉన్న మిసెస్ మస్‌గ్రోవ్ అతను వచ్చాడని గ్రహించేలోపే. యుద్ధనౌకలు నడిపిన మనిషి తన జీవితంలో అన్నిటికంటే సాహసమైన పని చేతి తొడుగుల సాకుతో చేశాడు.

మాటతీరు:
అనువాదం మాట వచ్చింది కాబట్టి పుస్తకం పేరు గురించి. ఆ పేరు ఆస్టిన్ పెట్టింది కాదు, ఆమె పోయాక అచ్చులోకి వెళ్లేటప్పుడు పెట్టింది. ఇంట్లోవాళ్లు ‘ఎలియట్లు’ అని అనుకునేవారట. తెలుగులో ‘ఒప్పించడం’, ‘నచ్చజెప్పడం’, ‘హితబోధ’ అన్నీ చెప్పేవాళ్ల వైపు నుంచి ఉన్న మాటలు. ఈ నవల చెప్పించుకున్న మనిషి వైపు నుంచి ఉంది.

మన భాషలో దీనికి సరిపోయే మాట ఒకటుంది, ‘మాట వినడం’. దానికి రెండర్థాలు. పెద్దల మాట విన్నది అంటే లోబడింది అని. నా మాట విను అంటే చెవి పెట్టు అని. మొదటి అర్థంలో ఆన్ మాట విన్నది, 1806లో. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ ఇంట్లో రెండో అర్థంలో ఆమె మాట విన్నవాళ్లే లేరు. తండ్రీ అక్కా ఆమెకు మాటే లేనట్టు చూస్తారని మొదటి అధ్యాయంలోనే చెప్పారు. మ్యూజిక్ వాయిస్తే వినరు, అప్పుల గురించి చెబితే వినరు. చివరికి వైట్ హార్ట్‌లో ఒక మనిషి గది అవతలి నుంచి, తగ్గించిన గొంతును కూడా పట్టుకుని విన్నాడు. ‘ఇక మౌనంగా వింటూ కూర్చోలేను’ అన్నదే అతని ఉత్తరంలో మొదటి వాక్యం.

కొత్తపాఠకురాలు గారూ, ఆ తర్వాత ఆన్ ‘మాట వినడంలో నా తప్పు లేదు’ అంటే నాకు అది అణకువలా అనిపించదు. తన మాట వినే మనిషి దొరికాక, తాను ఒకప్పుడు ఎందుకలా చేసిందో తన నోటితో చెప్పుకుంటోంది. అతనికి నచ్చే జవాబు కాదు అది, అయినా చెప్పింది. అతన్ని సంతోషపెట్టడానికి ‘తప్పు చేశాను, క్షమించు’ అనడమే తేలిక.

కొత్తపాఠకురాలు:
మాటతీరు గారూ, ఇది నాకు అందింది. అతనికి నచ్చే జవాబు కాదన్న సంగతి అసలు తట్టలేదు. సరే, ఆ మాట మీద నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. చివరి అధ్యాయం మీద మాత్రం కాదు.

పాతపుస్తకం:
అక్కడ మీతో నేనూ కలుస్తాను. మిస్టర్ ఎలియట్ గుట్టంతా 21వ అధ్యాయంలో మిసెస్ స్మిత్ నోట గుక్కతిప్పుకోకుండా వస్తుంది, అదొక బలహీనత. 24లో అతను ఆన్ అక్క స్నేహితురాలు మిసెస్ క్లేను లండన్‌లో చేరదీసుకున్నాడని కొద్ది వాక్యాల్లో ముగుస్తుంది. అంత పన్నాగం నడిపిన మనిషితో ఆన్ ఒక్కసారైనా ముఖాముఖి తేల్చుకునే సన్నివేశం లేదు. నవలలో ఖాళీ అంటే ఇదే.

మిసెస్ స్మిత్ భర్త ఆస్తి వెస్టిండీస్‌లో ఉంది. దాన్ని వెంట్‌వర్త్ ఉత్తరాలు రాసి, తిరిగి ఆమెకు దక్కేలా చేస్తాడు. నవల దీన్ని మంచి పనిగానే చూపిస్తుంది. బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించినా, అక్కడి తోటల్లో బానిసత్వం 1834 దాకా సాగింది. ఆ ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో పుస్తకం అడగదు. ఇవాళ చదివేవాళ్లు అడగాలి.

లెక్కలపంతులు:
డబ్బు మాటొచ్చింది కాబట్టి నవల చివరికి వెంట్‌వర్త్ దగ్గరున్న 25,000 పౌండ్ల సంగతి. అది ప్రైజ్ మనీ, అంటే పట్టుకున్న శత్రు ఓడల వెలలో నావికుల వాటా. 1808కి ముందు ఆ వెలను ఎనిమిది భాగాలు చేసి మూడు కెప్టెన్‌కు ఇచ్చేవారు, అందులో ఒకటి పైనున్న అడ్మిరల్‌కు పోయేది. 1808లో కెప్టెన్ వాటా రెండు భాగాలకు తగ్గింది, అందులో మూడో వంతు అడ్మిరల్‌ది. నికరంగా ఆరో వంతు మిగులుతుంది. డబ్బంతా ఈ లెక్కన వచ్చిందనుకుంటే, 25,000 చేతికి రావాలంటే 1,50,000 పౌండ్ల విలువైన ఓడలు పట్టుకుని ఉండాలి. అయిదు శాతం వడ్డీకి పెడితే ఏడాదికి 1,250 పౌండ్లు. హాయిగా బతకవచ్చు, పెద్ద ఎస్టేట్ కొనుక్కునేంత కాదు.

ముగింపుకు ఇది ముఖ్యం. ఆస్టిన్ వేరే నాయికల్లా ఆన్‌కు ఇల్లు దక్కదు. కెలించ్ హాల్ వారసత్వంగా మిస్టర్ ఎలియట్‌కు పోతుంది. ఆమెకు దక్కిన వస్తువు అందమైన చిన్న గుర్రబ్బండి ఒక్కటే, దాన్ని చూసి చెల్లెలు మేరీ కుళ్లుకుంటుంది. నాకు రేపు ఎస్టేట్ వస్తుంది, అక్కకు రాదులే అని ఓదార్చుకుంటుంది. 2007 సినిమా చివర్లో వెంట్‌వర్త్ ఆన్ కళ్లకు గంతలు కట్టి కెలించ్ దగ్గరకు తీసుకెళతాడు. అది నవలను తలకిందులు చేయడమే. పుట్టింటి గోడల నుంచి బయటపడడం కోసమే ఈ కథంతా.

సముద్రఘోష:
కలం వరస సరిచేసినందుకు తెల్లకాగితం గారికి ధన్యవాదాలు. సినిమాల సంగతికొస్తే, 1995 సినిమాలో కొట్టేసిన చిత్తులోని అడ్మిరల్ కబురునూ, తిరగరాసిన ఉత్తరాన్నీ రెండింటినీ వాడారు. కథ చెడలేదు కానీ రెండూ కలిస్తే ఉత్తరం బరువు కొంత తగ్గింది.

రేవుగాలి:
చివరి వాక్యం గురించి ఎవరూ అనలేదు. అది ప్రేమ మీద ముగియదు, యుద్ధం మీద ముగుస్తుంది. నావికుడి భార్య కావడం ఆమెకు గర్వం, కానీ దానికి ‘తక్షణ భయం’ అనే పన్ను కట్టాలి అని.

తేదీలు చూడండి. బాత్‌లో ఉన్న ఆన్‌కు మేరీ రాసిన ఉత్తరం మీద ఫిబ్రవరి 1 ఉంది. అది 1815. వైట్ హార్ట్ సంగతి ఆ నెలలోనే జరగాలి. 1806 వేసవి నుంచి లెక్కపెడితే ఉత్తరంలోని ఎనిమిదిన్నరేళ్లు సరిగ్గా సరిపోతాయి. నెపోలియన్ ఎల్బా ద్వీపం నుంచి తప్పించుకున్నది 1815 ఫిబ్రవరి 26న. మార్చి 20కి పారిస్ చేరాడు. వాటర్లూ యుద్ధం జూన్ 18న. ఆస్టిన్ 1815 ఆగస్టులో రాయడం మొదలుపెట్టేసరికి ఇదంతా అయిపోయింది, మొదటి పాఠకులందరికీ తెలుసు. వాళ్లిద్దరూ బాత్‌లోని గ్రావెల్ వాక్ అనే బాట మీద నడుస్తుంటే మళ్లీ యుద్ధం కొన్ని వారాల దూరంలో ఉంది. కథలోవాళ్లకే తెలియదు.

ఆమె అన్నదమ్ముల్లో ఫ్రాన్సిస్, చార్లెస్ ఇద్దరూ నౌకాదళంలోనే. శాంటో డొమింగో యుద్ధంలో ఫ్రాన్సిస్ స్వయంగా ఉన్నాడు. ‘పన్ను’ అన్న మాట ఆ ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి కట్టినదే.

కొత్తపాఠకురాలు:
24 మళ్లీ చదివాను. మొదటి అధ్యాయం తెరవగానే ఆన్ తండ్రి సర్ వాల్టర్, బారొనెట్ బిరుదున్న కుటుంబాల పట్టిక అయిన బారొనెటేజ్ పుస్తకంలో తన వంశం పుట చదువుకుంటూ కనిపిస్తాడు. చివర్లో అదే పుటలో ఆన్ పెళ్లి ఎక్కించడానికి కలం తీసుకుంటాడు. ఇందాకటి కలం మాటల తర్వాత ఇది చూస్తే ఒళ్లు జలదరించింది. ఆ పుటలో ఆమె గురించి మొదట ఉన్నది ‘ఆన్, జననం 1787 ఆగస్టు 9’, అంతే.

అనువాదమిత్ర:
నిన్నటి నుంచి ఉత్తరంలోని ఆ ‘సగం వేదన’ వాక్యంతోనే ఉన్నాను. పాతపుస్తకం గారు చెప్పిన ‘మీరు’ పెట్టి రాశాను, చూడండి.

‘ఇక మౌనంగా వింటూ కూర్చోలేను. చేతికి అందిన ఈ ఒక్క దారిలోనైనా మీతో మాట్లాడాలి. మీ మాటలు నా గుండెలో దిగబడుతున్నాయి. నేనిప్పుడు సగం వేదన, సగం ఆశ.’

మాటతీరు:
బావుంది. ‘నేనిప్పుడు’లో ‘ఇప్పుడు’ తీసేయండి. ఎనిమిదిన్నరేళ్లుగా ఉన్న మనిషి రాస్తున్నాడు.

అనువాదమిత్ర:
తీసేశాను. ‘సగం వేదన, సగం ఆశ నేను.’